గేదె మెడకు తువ్వాలు చుట్టిన పడవ మనిషికి

కళ్ళు మండుతున్నాయి, ఎన్నిసార్లు కడిగినా చేతులకు ఒండ్రు వాసన పోవడం లేదు. అయినా ఇప్పుడే రాస్తున్నాను. నీరు పూర్తిగా తీసి ఇంట్లో అడుగుపెట్టామంటే బురద ఎత్తడంతోనే సరిపోతుంది, ఇక రాయడం నా వల్ల కాదు.

మాది కోనసీమలో, గోదావరి వశిష్ఠ పాయ మధ్యనున్న ఒక చిన్న లంక. కొబ్బరి, అరటి, కాస్త కంద, ఇంటింటా పాడి. ఎండాకాలంలో ఇసుక మీద నడిచి ఒడ్డుకు చేరతాం. ఎర్రనీరు తగలగానే రేవులో పోసిన మట్టిబాట కొట్టుకుపోతుంది, ఆ తర్వాత పడవే గతి. మా వాళ్ళు ఆకాశం చూసి వరదను అంచనా కట్టరు, భద్రాచలంలో ఎన్ని అడుగులుందని అడుగుతారు. అక్కడ 53 అడుగులకు మూడో హెచ్చరిక ఇస్తారు. ఈసారి, 2022 జూలై 16న, 71 దాటింది. ధవళేశ్వరం బ్యారేజీలో 175 గేట్లూ ఎత్తేసి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. శ్రావణంలో రావలసిన వరద ఆషాఢంలోనే వచ్చిపడింది. మా అత్తగారు 1986 వరద చూసిన మనిషి. ఆవిడే ముందుగా, ఎవరూ చెప్పకుండా, తన బట్టలు మూట కట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. అప్పుడు నాకు భయం వేసింది.

మొదట వచ్చిన పడవలో మనుషులను మాత్రమే ఎక్కించుకుంటామన్నారు. చీకటి పడేలోగా అందరినీ దాటించాలి కదా, వాళ్ళ తొందర వాళ్ళది. అత్తగారినీ పిల్లలనూ పంపించి, నేనూ మా ఆయనా ఉండిపోయాం. మిగిలిన గేదెల పలుపులు కోసి వదిలేశాం, ఈదుకుంటూ ఏటిగట్టు ఎక్కుతాయని. ఎక్కాయి కూడా. నెలలు నిండిన చూడి గేదె మాత్రం గడ్డిమేటు వేసే దిబ్బ మీద నిలబడి కదలలేదు. దిబ్బ చుట్టూ నడుము లోతు నీళ్ళు. "ప్రాణం కన్నా గేదె ఎక్కువా?" అని పడవలోంచి ఎవరో అరిచారు. ఎక్కువని ఎవరన్నారు? కానీ లంకలో ఇల్లు అమ్ముదామంటే కొనేవాడుండడు, ఏటి మధ్య భూమిని తాకట్టు పెట్టుకునేవాడుండడు. పిల్లల ఫీజులు, అత్తగారి మందులు, పండగకు బట్టలు, అన్నీ ఆ పొదుగులోంచి రావలసిందే. మాకు ఆస్తి అంటే అదే.

అప్పుడు వచ్చాడతను. పై లంకలో పాలు, మంచినీళ్ళ ప్యాకెట్లు ఇచ్చి తిరిగి వెళుతున్న చిన్న ఇంజను పడవ. మేం పిలవలేదు, పిలిచినా ఆ హోరులో వినపడదు. తనే చూసి తిప్పాడు. దగ్గరికి వచ్చి, మా ఇద్దరినీ పడవ ఎక్కమనలేదు. గేదె వైపు చూసి, "ఎన్నో నెల అక్కా?" అని అడిగాడు.

పొద్దున్నుంచి అందరూ దాన్ని వదిలేయమన్నవాళ్ళే. ఎన్నో నెలని అడిగినవాడు ఇతనొక్కడే.

దిగి నీళ్ళలో నడిచి వచ్చాడు. పలుపు తడిసి బిగుసుకుని ఉంది. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, దాన్ని రెండు మడతలు వేసి, గేదె మెడకు చుట్టి, దాని మీదుగా పలుపు సర్దాడు. "తడి తాడు కోస్తుంది తల్లీ" అన్నాడు, నాతో కాదు, గేదెతో. ఇంట్లోకి నీళ్ళు వచ్చినప్పుడు ఏడవలేదు, పిల్లలను పడవ ఎక్కించినప్పుడు ఏడవలేదు. ఆ మాటకు మాత్రం ఆగలేకపోయాను. మా ఆయన గాభరాపడి, ఏమైంది, కాలికేమైనా గుచ్చుకుందా అని అడుగుతున్నారు.

ఇంజను దగ్గర రెండో మనిషిని కూర్చోబెట్టి, తను పడవ అంచు మీద బోర్లా పడుకున్నాడు. గేదె దవడ కింద రెండు చేతులూ పెట్టి, ముట్టె నీళ్ళలో మునగకుండా ఏరు దాటినంతసేపూ పట్టుకున్నాడు. గుర్రపుడెక్క, కొబ్బరి దుంగలు, ఎవరి పాకదో తాటాకు కప్పు, అన్నీ మా మీదికి కొట్టుకొస్తున్నాయి. మా ఆయన గెడతో వాటిని తోస్తున్నారు. గట్టు దగ్గర గేదె కాళ్ళకు నేల అందినప్పుడు అతను లేచి కూర్చున్నాడు. చేతులు తిమ్మిరెక్కి వేళ్ళు ముడవలేకపోయాడు. గట్టు మీద ఎవరో టీ ఇస్తే గ్లాసు పట్టుకోలేక, మా ఆయన పట్టుకుంటే తాగాడు.

"డీజిలు డబ్బులైనా తీసుకో తమ్ముడూ" అన్నాను. "ముందు దాన్ని గాలి తగలని చోట కట్టండక్కా, వణుకుతోంది" అని పడవ తిప్పేశాడు. ఏ ఊరని అడిగితే అంతర్వేది వైపు అని మాత్రం చెప్పాడు. సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషట. జూన్ 14 దాకా వేట నిషేధమే. మళ్ళీ వల వేసి నెల తిరిగిందో లేదో, నాలుగు డబ్బులు చూసుకోవలసిన రోజుల్లో పని మానుకుని మా లంకల్లో తిరుగుతున్నాడు. నీలం రంగు పడవ, ముందు భాగాన అమ్మవారి బొమ్మ ఉంది. ఎవరికైనా తెలిస్తే దయచేసి అతనికి చెప్పండి. గేదె క్షేమంగా ఉంది, ఇంకా ఈనలేదు. తువ్వాలు ఉతికి దాచాను.

ఇంటికి 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించారు. మంచిదే, కాదనను. కానీ ఒక్క మాట. ఐదేళ్ళకోసారి పశుగణన అని వచ్చి మా గేదెలనూ దూడలనూ లెక్కపెట్టి రాసుకుంటారు. వరద వచ్చిన రోజున ఆ లెక్క ఏమవుతుంది? ఏ లంకలో ఎన్ని పశువులున్నాయో తెలిసినప్పుడు వాటిని దాటించడానికి ఒక పంటు (పెద్ద బల్లకట్టు), గట్టు మీద ఒక రేకుల షెడ్డు ముందే సిద్ధం చేసి ఉంచకూడదా? మనుషులు రమ్మంటే రావడం లేదని మా మీదే విసుక్కుంటారు. అంతెందుకు, రెండేళ్ళ క్రితం వరదకు మా కొబ్బరితోటలో సగం ఏటి కోతకు జారిపోయింది. పాసు పుస్తకంలో ఉంది, నేల మీద లేదు. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన పోయిన చెట్లు చూపించమన్నారు. ఏటి మధ్యకు వేలు చూపించాను. ఆయనకు కోపం వచ్చింది. వంతెన సంగతి ఎత్తితే ఈ రాత్రి తెల్లవారదు, వదిలేస్తున్నాను.

మేమందరం మా ఆడపడుచు ఇంట్లో ఉన్నాం. మనవాళ్ళకు విడిగా కృతజ్ఞతలు చెప్పేదేముంది, చెబితే తిడుతుంది కూడా.

బడిలో పెట్టిన శిబిరంలో రెండు పూటలా వండి పెట్టిన మధ్యాహ్న భోజనం ఆయాలకు దండాలు. వాళ్ళలో ఇద్దరి ఇళ్ళు కూడా నీళ్ళలోనే ఉన్నాయని తర్వాత తెలిసింది. వానలో గట్టు పొడవునా నడిచి పశువులకు సూదులు వేసిన పశువైద్య సహాయకుడికి, తన గేదెలకు దాచుకున్న ఎండుగడ్డిలో సగం మాకిచ్చిన గట్టు మీది పెద్దాయనకు, ఫోన్లకు చార్జింగు పెట్టించిన ట్రాక్టరు డ్రైవరుకు కూడా. ఆ రోజు పడవలో ఇంజను పట్టుకున్న రెండో అతనికీ. మొహం కూడా సరిగా చూడలేదు.

అన్నట్టు, మా ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని గొంతు లోతు నీళ్ళలోంచి పడవకు చేర్చిన ఎదురింటి అబ్బాయిని మరిచేపోయాను. పాసు పుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు అందులోనే ఉన్నాయి. పక్కనే కూర్చుని ఇదంతా చదివి, "నా పేరేది పిన్నీ?" అంటున్నాడు. నీ పేరు రాయనులే బాబూ, అంత లోతులో దిగావని తెలిస్తే మీ అమ్మ చీపురు తీస్తుంది.