ర్యాంకు వచ్చినా ఏడు మార్కులు అడ్డుపడ్డాయి

సంపాదకులకు నమస్కారం.

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లలు ప్లస్ టూ సైన్సులో చేరగానే పెద్దల దృష్టంతా జేఈఈ, నీట్ కోచింగ్ మీదికి మళ్లుతోంది. ప్లస్ టూ పాసైతే చాలు, సీటు ఇప్పించేది ర్యాంకే కదా అన్న మాట మా బరంపురంలో తరచుగా వినబడుతుంది. అది సగమే నిజమని మా ఇంట్లోనే తెలిసివచ్చింది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

మా అన్నయ్యగారి అబ్బాయికి జేఈఈ మెయిన్‌లో ఎన్‌ఐటీ సీటుకు సరిపడే ర్యాంకు వచ్చింది. అయితే ఎన్‌ఐటీలో చేరాలంటే పన్నెండో తరగతిలో కనీసం 75 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం) ఉండాలి, లేదా మార్కుల్లో ఆ బోర్డు విద్యార్థుల్లో పై 20 శాతంలో, అంటే మొదటి 20 పర్సంటైల్‌లో నిలవాలి. కోవిడ్ కాలంలో సడలించిన ఈ నిబంధన 2023 నుంచి మళ్లీ అమలులోకి వచ్చింది. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, ఈ శాతాన్ని ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌తో మాత్రమే కట్టరు. వాటికి ఒక భాషను, మరో సబ్జెక్టును కలిపి ఐదింటి మీద, అంటే 500 మార్కులకు లెక్కిస్తారు. మావాడికి ఆ మూడింటిలో 240 వచ్చాయి, కానీ భాషలో 58, ఐదో సబ్జెక్టులో 70 మాత్రమే రావడంతో మొత్తం 368 అయింది, కావలసినవి 375. పర్సంటైల్ లెక్కలోనూ అందలేదు. ఆ ఏడాది ర్యాంకు మరుసటి ఏడాదికి చెల్లదు. భాషా పాఠాలకు సమయం వృథా చేయవద్దని రెండేళ్లూ చెప్పిన కోచింగ్ సెంటర్ వారు ఈ నిబంధన గురించి ఒక్కసారైనా చెప్పలేదు.

2022లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కటాఫ్ మార్కుల పద్ధతి విడిచి సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్షకు మారాక, ఇక బోర్డు మార్కులతో పనిలేదన్న అభిప్రాయం మరింత బలపడింది. కానీ ఒడిశాలో ప్రభుత్వ ఆన్‌లైన్ ప్రవేశ విధానమైన సామ్స్ ద్వారా భర్తీ అయ్యే డిగ్రీ సీట్లకు ఇప్పటికీ ప్లస్ టూ మార్కులే ఆధారం. 2016లో మన బరంపురంలోనే నెలకొల్పిన కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ ఐసర్‌లో చేరడానికి కూడా ప్రవేశ పరీక్షతో పాటు పన్నెండో తరగతిలో 60 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 55 శాతం) ఉండాలి.

ఎన్‌ఐటీ లెక్కలో రెండు భాషలు చదివినవారికి ఎక్కువ మార్కులు వచ్చిన భాషనే తీసుకుంటారు. కాబట్టి ఆధునిక భారతీయ భాష సబ్జెక్టు అయిన ఎంఐఎల్‌గా తెలుగు తీసుకునే వీలున్న చోట మన పిల్లలు దాన్ని వదులుకోకూడదు; ఇంట్లో మాట్లాడే భాషలో వారానికి రెండు గంటలు కూర్చుంటే మంచి మార్కులు తెచ్చుకోగలరని నా నమ్మకం.

ప్లస్ టూ కళాశాలలు ప్రవేశాల రోజునే ఈ నిబంధనలను నోటీసు బోర్డులో పెట్టి, మొదటి సంవత్సరంలోనే తల్లిదండ్రులను పిలిచి వివరించాలని కోరుతున్నాను. మీ పత్రిక కూడా ఏటా జూన్‌లో, పిల్లలు కోచింగ్ ఫీజులు కట్టక ముందే, వీటిని సరిహద్దు జిల్లాల పాఠకుల కోసం ప్రచురించాలని నా విన్నపం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా