చర్చి పూజకు పనికిరాని ద్రాక్షారసం సీసాలు అమ్మాను, వెనక్కి ఇచ్చేయండి

బెజవాడ గుణదల మరియమాత కొండ దగ్గర మా కొట్టులో కొవ్వొత్తులు, జపమాలలు, సాంబ్రాణి కొనేవారందరికీ ఒక సంగతి చెప్పాలి. తప్పు నాదే.

ఫిబ్రవరి తిరునాళ్లకు ముందు 'సంస్కారపు ద్రాక్షారసం' అని చీటీ అంటించిన సీసాలు రెండు పెట్టెలు తెప్పించాను. నేను పుట్టి పెరిగింది బాప్టిస్టు సంఘంలో. మా ప్రభువు బల్లకు, అంటే ఏసు చివరి భోజనాన్ని తలచుకునే ఆరాధనలో, పులియని రసాన్నే చిన్న కప్పుల్లో ఇస్తారు. పులిసినదాన్నీ పులియనిదాన్నీ తెలుగులో ద్రాక్షారసమనే అంటాం కదా, అందరికీ ఇదే సరిపోతుందనుకున్నాను. ఇన్నేళ్లుగా కతోలికుల మధ్య వ్యాపారం చేస్తూ, వాళ్ల పూజకు పులిసినదే కావాలన్న తేడా తెలియకపోవడం సిగ్గుచేటే.

ఒక పల్లె విచారణ గురువులు (అక్కడి చర్చి ఫాదర్) ఆరు సీసాలు తీసుకువెళ్లి మర్నాడు ఫోను చేశారు. "బాబూ, సీసా వెనక ఏముందో చదివారా?" అన్నారు. అప్పుడు చదివాను. నీళ్లు, పంచదార, ఆ తర్వాతే ద్రాక్ష. చివర రంగు, నిల్వ ఉంచే మందు.

పూజలో వాడే ద్రాక్షారసం ద్రాక్షపండ్ల నుంచి సహజంగా తయారైనదీ చెడిపోనిదీ అయి ఉండాలని శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 924వ నియమం చెబుతుందట. మరే పండు వైనూ చెల్లదు. క్రిస్మస్‌కు ఇళ్లలో పంచదార, ఈస్టు, గోధుమలు వేసి పెట్టేది ఎంత కమ్మగా ఉన్నా బలిపీఠం ఎక్కదు. ఎరుపా తెలుపా అన్న పట్టింపు మాత్రం లేదు. తెల్లదైతే గుడ్డలకు మరక పడదని కొందరు దాన్నే కోరుకుంటారు. వెనిగర్‌గా మారితే ఇక పనికిరాదు. బెజవాడ ఎండల్లో మూత తీసిన సీసా ఎన్నాళ్లు ఆగుతుంది? ఆ ఇబ్బంది పాతదే. ద్రాక్ష నుంచే తీసిన ఆల్కహాలు కాస్త కలిపి, మొత్తం 18 శాతం దాటకుండా ఘాటు పెంచుకోవచ్చని 1896లోనే రోములోని పోపు కార్యాలయం ఒప్పుకుంది.

మద్యం పడని గురువులకు పీఠాధిపతి (బిషప్పు) అనుమతితో 'ముస్తుం' ఉంది. అది పులియడం ఆపేసిన అచ్చమైన ద్రాక్షరసం, అందులో ఇంకేమీ కలపరు. నా సీసాలు ఆ లెక్కలోకీ రావు.

అందుకే ఇకపై పూజ ద్రాక్షారసం మా దగ్గర దొరకదు. మద్యం అమ్మే లైసెన్సు నాకు లేదు, తెచ్చుకునే ఉద్దేశమూ లేదు. మీ మేత్రాసన (బిషప్పు) కార్యాలయాన్నే అడగండి. దుకాణాల్లో, ఇంటర్నెట్‌లో అమ్మే పూజ అప్పాలు (గోధుమ రొట్టె బిళ్లలు), ద్రాక్షారసం విషయంలో జాగ్రత్త పడాల్సింది పీఠాధిపతులేనని 2017లో రోము లేఖ కూడా రాసింది. నాలాంటి వారిని చూసే రాశారేమో.

నగదుకు అమ్మిన వాటికి బిల్లులు రాయలేదు, ఎవరెవరు కొన్నారో నాకు గుర్తులేదు. బిల్లు లేకపోయినా, మూత తీసినా సరే, సీసా తెస్తే డబ్బు ఇచ్చేస్తాను. ఫాదర్ గారి ఆరూ వచ్చేశాయి. ఒకదానిలో రెండు గుక్కలు తగ్గాయి. "రుచి చూడకుండా ఎలా తిట్టను?" అన్నారు.