జాన్ లార్డ్‌కి నివాళి అంటూ ఆర్గాన్‌నే కోసేశారు

సంపాదకులకు,

బ్రిటిష్ రాక్ బ్యాండు డీప్ పర్పుల్‌కీ, దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన జాన్ లార్డ్‌కీ నివాళిగా ఓ ఎఫ్ఎం రేడియో ప్రసారం చేసిన కార్యక్రమాన్ని మెచ్చుకుంటూ పోయిన వారం మీరు వార్త వేశారు. ఆ కార్యక్రమం మొదటినుంచి చివరిదాకా విన్నవాళ్లు అలా రాయరు. లార్డ్ వాయించింది హేమండ్ ఆర్గాన్, అంటే మెట్లు నొక్కి వాయించే విద్యుత్ వాద్యం. ఆయన పేరుతో పెట్టిన గంటలో ఆ వాద్యమే సరిగా వినబడలేదు.

‘స్మోక్ ఆన్ ద వాటర్’ మొదలవుతుంటే ఆర్జే దాని మీదే మాట్లాడుతూ, ఇదంతా గిటార్ మహిమ అన్నారు. మొదట బ్యాండు గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ గిటార్ ఒక్కటే వస్తుంది, నిజమే. ఆ వెంటనే హై-హ్యాట్‌తో (డ్రమ్స్‌లోని జంట తాళాలతో) పాటు లార్డ్ ఆర్గాన్ అవే స్వరాలు పట్టుకుంటుంది. ఆయన తన ఆర్గాన్‌ని, హేమండ్ సి3 మోడల్‌ని, గిటారిస్టులు వాడే మార్షల్ ఆంప్లిఫయర్‌కి కలిపారు కాబట్టే రెండూ ఒకే గొంతులా వినిపిస్తాయి. ఇది తీగ కలిపేస్తే అయ్యే పని కాదు. ఆంప్‌ని అంత గట్టిగా పెట్టి నిండు కార్డు (ఒకేసారి మోగే మూడు నాలుగు స్వరాలు) నొక్కితే స్వరాలన్నీ కలగాపులగమై గరగర తప్ప ఏమీ మిగలదు. నాదం తీరు మార్చే లాగుడు కడ్డీలు, అంటే డ్రాబార్లు, ఒక వరుసలోని తొమ్మిదీ పూర్తిగా లాగినా అంతే. స-మ, స-ప లాంటి జంటలే ఆ ఒత్తిడికి చెదరకుండా నిలుస్తాయి. ఈ పాట ఎత్తుగడ అంతా స-మ జంటలే. ఆ ఒక్క ముక్క చెప్పి, ముప్ఫై సెకన్లు నోరు మూసుకుని వినిపిస్తే చాలు, లార్డ్ ఎవరో శ్రోతకు తెలిసిపోయేది.

‘హైవే స్టార్’లో ముందు ఆర్గాన్ సోలో, తర్వాత గిటార్ సోలో. మొదటిది రాగానే ప్రకటన వేసి, రెండోదాని దగ్గర మళ్లీ పాటలోకి వచ్చారు. ఘంటసాల పద్యం వేసి చివరి రాగం కోసేస్తే ఊరుకుంటామా? పది నిమిషాలకు పైబడిన ‘చైల్డ్ ఇన్ టైమ్’ని మూడు నిమిషాల్లో తేల్చేశారు. మెల్లగా మొదలయ్యే ఆ ఆర్గాన్‌ని, శబ్దాల హెచ్చుతగ్గుల్ని సమం చేసే స్టేషన్ కంప్రెసర్ పైకి లాగి, తర్వాత వచ్చే అరుపుల్ని కిందికి తొక్కి, అంతా ఒకే ఎత్తున వినిపించింది. అలాంటి పాటకి కంప్రెసర్ తగ్గించి, పరిమితి దాటకుండా లిమిటర్ ఒక్కటి ఉంచుకుంటే సరిపోతుంది. ఆర్గాన్‌తోనే మొదలయ్యే ‘లేజీ’ అసలు వేయనే లేదు.

1969 సెప్టెంబరు 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో, మాల్కమ్ ఆర్నాల్డ్ నిర్వహణలో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి ఈ బ్యాండు వాయించిన కాన్సర్టో అనే పెద్ద సంగీత రచన లార్డ్ రాసిందే. తర్వాత దాని స్వరప్రతి పోయింది. నెదర్లాండ్స్ సంగీతకారుడు మార్కో డి గూయ్ రికార్డింగు వింటూ మళ్లీ రాస్తే, 1999లో అదే హాల్లో మళ్లీ వాయించారు. నివాళిలో దీని ఊసే లేదు.

పైగా తప్పులు. ‘స్మోక్ ఆన్ ద వాటర్’ పాటకు మూలం స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ కాసినో అగ్నిప్రమాదం. ఆ కాసినో డీప్ పర్పుల్ కచేరీలో తగలబడిందన్నారు, మీరూ అదే అచ్చేశారు. 1971 డిసెంబరు 4న అక్కడ జరుగుతున్నది అమెరికా సంగీతకారుడు ఫ్రాంక్ జాపా కచేరీ. లార్డ్ చివరిదాకా బ్యాండులోనే ఉన్నారన్నదీ తప్పే. ఆయన 2002లో బయటికొచ్చారు, 2012 జులై 16న కన్నుమూశారు.

ఇది ఒక్క రాక్ సంగీతానికి పట్టిన గతి కాదు. ఒకప్పుడు ఆకాశవాణిలో, వివిధ భారతిలో పాటకు ముందు సినిమా పేరు, రచన, సంగీతం, గానం చెప్పేవారు. ఇప్పుడు ఎఫ్ఎంలలో మన పాటలకే రచయిత పేరు చెప్పే దిక్కు లేదు. వీణ ఎవరిదో, వేణువు ఎవరిదో ఇంక అడగనే అక్కర్లేదు. వేలం పెట్టి లైసెన్సులిచ్చే కేంద్ర సమాచార ప్రసార శాఖ డబ్బు లెక్క చూసుకుంటుంది గానీ, పాట చేసినవాళ్ల పేర్లు చెప్పాలని గట్టిగా అడగదు. పత్రికలన్నా అడుగుతాయనుకుంటే, పంపిన ప్రకటన పంపినట్టే వేస్తున్నాయి.

ముందు మీరు కాసినో సంగతి సవరించండి. ఆ రేడియో వారు ‘లేజీ’, ‘చైల్డ్ ఇన్ టైమ్’ మధ్యలో మాటలూ ప్రకటనలూ లేకుండా పూర్తిగా వేయాలి. రెండూ కలిపి పద్దెనిమిది నిమిషాలు కూడా పట్టవు.

ఇట్లు,
ఒక రేడియో శ్రోత, సికింద్రాబాద్