డెర్బీ నుంచి అన్నకు

డెర్బీ, మే నెల

అన్నా,

అందరు మంచిగున్నరా? నల్లగొండల ఎండలు దంచుతున్నయని వదినె చెప్పింది. నాయినను పొద్దెక్కినంక బయటికి పోనియ్యకు. ఇక్కడ నేనింకా స్వెట్టర్ తీస్తలేను.

నిన్న డ్యూటీ లేకుండె, కౌంటీ క్రికెట్ మ్యాచ్‌కు, అంటె ఇక్కడి జిల్లాల టీముల ఆటకు, పోయిన. డెర్బీషైర్‌కు, నార్తాంప్టన్‌షైర్‌కు నాలుగు రోజుల మ్యాచ్, రెండో డివిజన్‌ది. రోజుకు 96 ఓవర్లు, మన రంజీ కంటె ఆరు ఎక్కువ. గ్రౌండ్ సగం కూడ నిండలే. వచ్చినోళ్లల్ల ఎక్కువ మంది పెద్దమనుషులే. దుప్పటి, ఫ్లాస్కు, టిఫిన్ డబ్బ అన్నీ తెచ్చుకున్నరు. గాలి మాత్రం చెవులు కోస్తది.

నా పక్కన ఒక పెద్దామె ఒడిల స్కోర్ బుక్కు పెట్టుకొని ప్రతి బంతి రాస్తున్నది. ఒక్కో బౌలర్‌కు ఒక్కో రంగు పెన్సిల్. ఓవర్‌ల పరుగే రాకపోతే ఆరు చుక్కలు కలిపి ‘ఎం’ గీస్తది. అదే ఓవర్‌ల వికెట్ కూడ పడితే ‘డబ్ల్యూ’. నాది హైదరాబాద్ దిక్కు అంటె, ఓవర్ అయ్యేదాంక ఆగి నా దిక్కు తిరిగింది. “అజహర్ మా టీమ్‌కు ఆడిండు” అన్నది. 1991ల డెర్బీషైర్‌కు ఆడి ఆ సీజన్‌ల రెండు వేలకు పైగ పరుగులు చేసిండు గదా. ఆఫ్ స్టంప్ బయటి బంతిని మణికట్టు తిప్పి లెగ్ సైడ్ ఎట్ల పంపెటోడో పెన్సిల్‌తోని చేసి చూపించింది. నాయిన అన్నం తినుకుంట చెంచతోని చూపించెటోడు, యాదికున్నదా?

లంచ్‌ల మనల్ని గ్రౌండ్‌లకు పోనిస్తరు. పిచ్ చుట్టు తాడు కడతరు, దాని దగ్గర నిలవడి చూసిన. బౌలర్ ముందటి కాలు పడే కాడ గడ్డి లేసి గుంత పడ్డది.

80 ఓవర్లయినంక కొత్త బంతి తీసుకున్నరు. మబ్బు పట్టింది, బంతి గాలిల తిరుగుతున్నది. అప్పుడే దిగిన ఒక పిలగాడు ఆఫ్ స్టంప్ బయటి బంతులు వరుసగ వదిలేసిండు. బ్యాట్ పైకెత్తుడు, బంతి కీపర్ చేతుల పడేదాంక కండ్లు తియ్యకపోవుడు. ఒక్క పరుగు లేదు, అయినా తిరిగే బంతిని ముట్టుకొని ఔట్ కాకుండ ఆగిండని మా వరుసల అందరు చప్పట్లు కొట్టిన్రు. ఎన్జీ కాలేజ్ గ్రౌండ్‌ల “వదిలెయ్‌రా, వదిలెయ్” అని నువ్వు గొంతు పోయేదాంక మొత్తుకునేది గిదే గదన్నా!

నువ్వు ఆట నేర్పే పిల్లలు టెన్నిస్ బాల్ టోర్నమెంట్లల్ల పెరిగినోళ్లు. అండ్ల బంతి వదిలేస్తె సొంత టీమోళ్లే తిడతరు. వదిలేసుడు కూడ ఆటనే అని వాళ్లు ఎన్నడు కండ్ల చూడలే, వాళ్లనేం అంటం. మన హైదరాబాద్ 1986-87 తర్వాత మళ్ల రంజీ ట్రోఫీ గెలువలే. ఉప్పల్‌ల రంజీ మ్యాచ్‌లకు మామూలుగ టికెట్ ఉండది. చలికాలం షెడ్యూల్ రాంగనే అందరిని ఒక రోజు తీస్కపో. తెల్లారంగ బస్సెక్కితె ఎల్బీనగర్‌ల దిగి నాగోల్ మీదికెళ్లి పోవచ్చు. సద్ది కట్టుకపోండ్రి, చార్జీలు నేను పంపుత. ఒక్కొక్కనికి ఒక నోటు బుక్కు కొనియ్యి, బంతి బంతి రాసుకుంటరు.

అజహర్ ముచ్చట నాయినకు నువ్వే చెప్పు, ఫోన్‌ల ఆయనకు సరిగ వినపడ్తలేదు. అమ్మను అడిగిన్నని చెప్పు.

నీ చెల్లె