వార్షిక నివేదిక 2024–25: వరద నీళ్లు, మన బండ్ల డిఫరెన్షియళ్లు

లారీ యజమానుల సంఘం సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ సమావేశాలు, ఇన్సూరెన్స్ రెన్యువల్ పనులు, డ్రైవర్ల కంటి పరీక్షలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టీ విడిగా జతచేశాం. ఈసారి నివేదికలో ఎక్కువ భాగం డిఫరెన్షియల్ గురించే రాస్తున్నాను. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు పంచి, మలుపుల్లో రెండు పక్కల చక్రాలనూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల పెట్టె అది. వరద తర్వాత మనలో చాలామందికి చేతి చమురు వదిలింది దాని దగ్గరే.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నిలిపిన మన లారీలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. నీళ్లు తీశాక అందరం ఇంజను, సెల్ఫ్, వైరింగ్ చూపించుకున్నాం. డిఫరెన్షియల్ గేర్లుండే హౌసింగ్ (పై డొప్ప) ఆయిల్ ప్లగ్ విప్పాలని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. దసరా దాటాక ఒక్కొక్క బండీ వెనక నుంచి కూత పెట్టడం మొదలైంది.

ఆటోనగర్‌లో నా పది టైర్ల బండి డ్రెయిన్ ప్లగ్ విప్పేటప్పుడు పక్కనే ఉన్నాను. నల్లగా రావాల్సిన ఆయిల్ పాలెక్కువైన టీలా దిగింది. ప్లగ్‌కున్న అయస్కాంతం మీద ఇనప రజను బొచ్చులా అంటుకుని ఉంది. మేస్త్రీ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "రజనైతే పర్లేదండీ, ఇందులో పలుకులున్నాయి" అన్నాడు. లోపల పినియన్ (ఇంజను వైపు నుంచి తిరిగే చిన్న గేరు) బేరింగ్ రోలర్ల మీద తుప్పు గుంటలు. బేరింగ్ వదులైతే పినియన్ పక్కకు జరుగుతుంది. పళ్లు కలవాల్సిన చోట కలవవు. ఇక క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద గేరు), పినియన్ రెండూ పోయినట్టే.

మూసి ఉన్న హౌసింగ్‌లోకి నీళ్లెలా వెళ్తాయని చాలామంది అడిగారు. హౌసింగ్ పైన లోపలి గాలి వచ్చిపోవడానికి వేలెడంత బ్రీదర్ ఉంటుంది. బండి నీళ్లలో మునిగి ఉంటే అక్కడి నుంచే దిగుతాయి. వేడి మీదున్న బండి వాగులో దిగినా అంతే, లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి నీళ్లను లాక్కుంటుంది. అదే బ్రీదర్ మట్టితో పూడుకుపోతే వేడికి పెరిగిన గాలి సీళ్ల లోంచి ఆయిల్‌ను బయటికి తన్నేస్తుంది, అది బ్రేక్ లైనర్లకు పడుతుంది.

డిఫరెన్షియల్ ఎన్నాళ్లు వస్తుందన్నది ఇంకో ప్రశ్న. హైవే మీద సరైన లోడుతో, సరైన ఆయిల్‌తో తిరిగే బండికి లక్షల కిలోమీటర్లు వస్తుంది. బండి అమ్మేదాకా విప్పని వాళ్లూ మనలో ఉన్నారు. 7/41 సెట్టులో, అంటే పినియన్‌కు 7 పళ్లు, క్రౌన్‌కు 41 ఉంటే, పినియన్ దాదాపు 5.86 చుట్లు తిరిగితే క్రౌన్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇంజను లాగే బలమంతా ఏ క్షణానికైనా కొద్ది పళ్ల మీదే పడుతుంది. పైగా హైపాయిడ్ (పినియన్ క్రౌన్ మధ్యగీతకు కాస్త తప్పుకుని కలిసే రకం) పళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ జారతాయి. మిగిలిపోయింది కదా అని ఇంజనాయిల్ పోస్తే ఆ రాపిడికి ఆగదు. జీఎల్-5 (గట్టి ఒత్తిడికి ఆగే రకం) గేర్ ఆయిలే కావాలి.

ఓవర్‌లోడ్ సంగతి అందరికీ తెలిసిందే. 2018లో పది టైర్ల బండి మొత్తం బరువు 25 నుంచి 28.5 టన్నులకు పెంచారు. దాని మీద ఇంకా కంకర ఎక్కిస్తే రూ.20,000 జరిమానా, అదనపు టన్నుకు రూ.2,000 కట్టేది ఒకసారి. క్రౌన్ మాత్రం ప్రతి ట్రిప్పుకీ కడుతుంది.

డ్రైవర్లకు గట్టిగా చెప్పాల్సినవి రెండున్నాయి. బురదలో ఒక పక్క చక్రం గిర్రున తిరుగుతుంటే ఎక్సలేటర్ తొక్కుతూ పోకూడదు. మలుపుల్లో నెమ్మదిగా తిరగాల్సిన స్టార్ పినియన్లు (డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లు) అప్పుడు విపరీతమైన స్పీడందుకుని, వాటిని మోసే క్రాస్ ఇరుసు మీదే పట్టేస్తాయి. డిఫ్ లాక్ (రెండు పక్కల చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాటు) ఉంటే చక్రాలు పూర్తిగా ఆగాకే వెయ్యాలి, గట్టి నేల ఎక్కగానే తియ్యాలి.

మన సభ్యుడొకరికి ఒక షాపులో పినియన్ ఒక్కటే విడిగా అంటగట్టారు. క్రౌన్, పినియన్ కలిపి నూరిన జంట, రెండింటి మీదా ఒకే నంబరు కొట్టి ఉంటుంది. పాత క్రౌన్‌కు కొత్త పినియన్ కుదరక కూత పెట్టింది, మళ్లీ సెట్టంతా కొనాల్సి వచ్చింది. డబ్బు వాపసు కోసం సంఘం తరఫున మూడుసార్లు వెళ్లాం, ఇంకా రాలేదు. మళ్లీ వెళ్తాం.

గేర్ ఆయిల్ బ్యారెల్ ఉమ్మడిగా కొనాలని కమిటీ తీర్మానించింది. క్వారీ టిప్పర్లకు కంపెనీ పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లలో సగానికే ఆయిల్ మార్పిద్దాం. వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం బండ్లు తీసుకురండి. చల్లారిన బండిని చదును నేల మీద నిలిపి, లెవెల్ ప్లగ్ విప్పి వేలు పెడితే రంధ్రం కింది అంచు దగ్గరే ఆయిల్ తగలాలి. ఇది ప్రతి డ్రైవరూ తన చేత్తో చేసి చూడాలి, అందుకని వాళ్లను కూడా వెంటబెట్టుకు రండి.

ఇట్లు,
కార్యదర్శి