డీలక్స్ రూల్‌బుక్ సంక్రాంతి తర్వాతే: ఎవరు కొనాలి, ఎవరికి అక్కర్లేదు

ముందు అసలు విషయం చెప్పేస్తాను. మన ఫాంటసీ రూల్‌బుక్ డీలక్స్ ఎడిషన్ దీపావళికి రావడం లేదు. సంక్రాంతి వెళ్లాక అచ్చుకి, బైండింగుకి వెళ్తుంది, మీ చేతికి వచ్చేసరికి ఫిబ్రవరి అవుతుంది. ధర 2,450 రూపాయలు. పాత పేపర్‌బ్యాక్ మీ దగ్గర ఉంటే ఇది కొనాల్సిన పని లేదు. ఈ చివరి మాట చదివి మా తమ్ముడు, "అక్కా, నువ్వు అమ్ముతున్నావా, వద్దంటున్నావా?" అన్నాడు. లెక్కలు చూసేది వాడు కాబట్టి వాడి బాధ వాడిది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. గోడ దూకగలిగారా, దెబ్బ తగిలిందా అన్నది ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మొదటిసారి వేసింది వెయ్యి పెట్టెలే, ఒక్కో దాంట్లో మూడు చిన్న పుస్తకాలు. ఆ ఆట ఐదో ఎడిషన్ ముఖ్య నియమాల డాక్యుమెంట్‌ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద వదిలారు. ఊరికే వదల్లేదు. ఆ నియమాలు బయటివాళ్లు వాడుకోనిచ్చే 2000 నాటి పాత లైసెన్సుని మార్చబోతున్నారన్న సంగతి ఆ నెల మొదట్లో బయటికి పొక్కి, ఆటగాళ్లు, చిన్న పబ్లిషర్లు పెద్ద గొడవ చేశాక వదిలారు. ఇప్పుడు మూలం ఎవరిదో చెప్తే చాలు, ఎవరైనా దాని మీద సొంత పుస్తకం రాసి అమ్ముకోవచ్చు. చెన్నై కొడంబాక్కంలో మా మేడ మీది గదిలో తెలుగు రూల్‌బుక్ తయారవుతోందంటే దానివల్లే.

పేపర్‌బ్యాక్ 192 పేజీలు, డీలక్స్ 352. పెరిగినదంతా నియమాలే అనుకోకండి. నియమాలు పెరిగేకొద్దీ ఆట బాగుపడుతుందన్న నమ్మకం నాకు లేదు. సగానికి పైగా ఆడుకోవడానికి సిద్ధంగా ఉన్న కథలు, బొమ్మలు, మ్యాపులు. నియమాల్లో మాత్రం మూడు అధ్యాయాలు కొత్తగా రాశాం.

మొదటిది రాక్షసులది. ఆ అమెరికా ఆట 2014 నాటి ఐదో ఎడిషన్‌లో కూడా రాక్షసుడు ఉన్నాడు. పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు, తను ఒప్పుకుంటే తప్ప ఆరో స్థాయి దాకా ఏ మంత్రమూ అంటదు. ఆడటానికి బాగానే ఉంటాడు కానీ, చిన్నప్పటి నుంచి మనం విన్న రాక్షసుడు వాడు కాడు. మనవాడు తపస్సు చేసి, వరం అడిగి, ఆ వరంలోనే తన చావుకి సందు వదిలినవాడు. అందుకని మన పుస్తకంలో ప్రతి రాక్షసుడికీ బలం, ప్రాణం అంకెలతో పాటు ఒక వరం ఉంటుంది, ఒకే వాక్యంలో. కథ నడిపేవాళ్లు దాన్ని ముందే కాగితం మీద రాసి బోర్లించి పెట్టాలి, మధ్యలో మార్చడానికి వీల్లేదు. ఊళ్లో ముసలమ్మను అడిగో, పాడుబడ్డ గుళ్లో శాసనం చదివో ఆటగాళ్లు ఆ వాక్యం రాబట్టాలి. "లోహంతో, రాతితో, చెక్కతో నాకు చావు లేదు" అన్నవాడి పని మా టేబుల్ వాళ్లు కొబ్బరితాడుతో ముగించారు. తాడు పీచే కానీ చెక్క కాదు కదా అని అరగంట వాదించుకుని మరీ.

ఆ అమెరికా ఆటలో మధ్యన ఒక పెద్ద కన్ను, నెత్తిన కాడల చివర ఇంకొన్ని కళ్లతో గాల్లో తేలే గోళం, బిహోల్డర్, కావాలని చాలామంది అడిగారు. దాని వివరాలు ఉచితంగా వదిలిన డాక్యుమెంట్‌లో లేవు, అది ఆ ఆట వేసే కంపెనీ సొత్తు. మన పుస్తకంలో ఉండదు. దయచేసి మళ్లీ అడక్కండి.

రెండోది ఓడలు, రేవులు. పేపర్‌బ్యాక్‌లో సముద్రయానానికి అర పేజీ ఇచ్చాం, ఇప్పుడది పూర్తి అధ్యాయం. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం మీలో చాలామంది స్కూల్లో చదివే ఉంటారు. అంతకుముందు రాజులు, తుఫానులో చెడిపోయి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవాళ్లు. మేం సుంకం తప్ప ఇంకేమీ ముట్టుకోం, నిర్భయంగా రండి అని వ్యాపారులకి రాజు ఇచ్చిన మాట ఆ శాసనం. ఆట కోసమే రాసినట్టు లేదూ! మన మ్యాపులో ప్రతి రేవు పక్కనా ఒక గుర్తు ఉంటుంది, అభయం ఉన్నదా లేనిదా అని. తుఫాను పట్టుకుంది, ఓడ నీళ్లు తాగుతోంది. దగ్గర్లో ఉన్న రేవుకి వెళ్తే ప్రాణాలు దక్కుతాయి, సరుకు అక్కడి నాయుడి పాలవుతుంది. అభయం ఉన్న రేవు ఇంకో మూడు జాముల దూరం, జాముకోసారి డైస్ వేయాలి. ఓడ యజమాని పాత్ర వేసేవాళ్లూ, ఈత రాని మాంత్రికుడి పాత్ర వేసేవాళ్లూ ఇక్కడ తప్పకుండా తగువు పడతారు. పడాలనే అలా రాశాం.

మూడోది నాకు బాగా ఇష్టమైంది, బేతాళుడిది. బేతాళుణ్ని ఎవరి పాత్ర భుజాన వేసుకుందో ఆ ఆటగాడు నోరు విప్పకూడదు. పాత్ర కాదు, మనిషే. కథ నడిపేవాళ్లు బేతాళుడి గొంతుతో ఒక చిక్కు కథ చెప్పి ప్రశ్న వేస్తారు. జవాబు తెలిస్తే చీటీ మీద రాయాలి, తెలియకపోతే ఖాళీ చీటీ బోర్లించాలి. రాసినా, మాట్లాడినా బేతాళుడు చెట్టెక్కేస్తాడు. తెలిసీ ఖాళీ చీటీ పెడితే పది ముఖాల డైస్ రెండు వేసి, వచ్చినంత ప్రాణం తీసేస్తాం. తెలిసిందో లేదో ఎలా కనిపెడతారని అడుగుతారు. మొహంలో తెలిసిపోతుందండీ, అందుకే ఇది ఆన్‌లైన్‌లో కన్నా ఎదురెదురుగా కూర్చుంటేనే పండుతుంది. మా ఇంట్లో ఆడి చూసినప్పుడు బేతాళుడి కథ మంచి పాకాన పడిన సమయానికి అమ్మ వంటింట్లోంచి "కాఫీ ఎవరెవరికి?" అని కేకేసింది. మహావీరుడు "నాకు" అన్నాడు. బేతాళుడు మళ్లీ చెట్టు మీదే.

ఈ మూడు అధ్యాయాలనీ, సరిచేసిన మంత్రాల పట్టికనీ కలిపి 64 పేజీల పీడీఎఫ్ చేశాం. పేపర్‌బ్యాక్ కొన్న ప్రతి ఒక్కరికీ అది ఉచితం. మీరు ఆర్డర్ పెట్టిన మెయిల్‌కే ఈ నెలాఖరులోపు వస్తుంది, డీలక్స్ దాకా ఆగక్కర్లేదు. పీడీఎఫ్ పక్కన పెట్టుకుంటే మీ పాత పుస్తకంతోనే అన్నీ ఆడొచ్చు. మరి డీలక్స్ ఎవరికంటే, వారం వారం కథ నడిపేవాళ్లకి, పుస్తకం బల్ల మీద పరిచి ఉంచాల్సినవాళ్లకి, సొంతంగా కథ అల్లుకునే తీరిక లేనివాళ్లకి, ఇంకా అందమైన పుస్తకం ఇంట్లో ఉంటే బాగుంటుందనుకునేవాళ్లకి. ఆఖరి కారణం తక్కువదేం కాదు. నేనూ ఆ బాపతే.

ఇక ఆలస్యం సంగతి. కారణం వాన.

ఇలాంటి పుస్తకాన్ని నవలలా చదవరు. పోరాటాల పేజీ తెరిచి మూడు గంటలు బల్ల మీద పడేస్తారు, పైన డైస్ పడతాయి, ఎవరో ఒకరు మోచేయి ఆనిస్తారు. గమ్ము బైండింగ్ దానికి తట్టుకోదు, సెక్షన్ కుట్టు వేసి, అంటే పేజీల కట్టలని దారంతో కుట్టి, గట్టి అట్ట కట్టాల్సిందే. ఆ పని చేసేది తిరువల్లిక్కేణిలో ఒక పాత బైండింగ్ షాపు. మా డమ్మీ కాపీ చూసి ఆ పెద్దాయన ముందు మాట్లాడలేదు. పేజీ మూల కొంచెం చింపి, ఆ ముక్కని ఒక వైపు మాత్రం తడివేలితో రాశారు. అది వెంటనే చిన్న గొట్టంలా చుట్టుకుంది. "ఇదిగోమ్మా, గ్రెయిన్ ఇటు ఉంది. ఇది పుస్తకం వెన్నుతో పాటు నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే పేజీ ఎప్పటికీ పడుకోదు, నిలబడే ఉంటుంది" అన్నారు తమిళం కలిసిన తెలుగులో. కాగితంలో పీచు ఏ దిక్కున ఉందో చెప్పే పరీక్ష అది. మా డమ్మీకి సరిగ్గానే ఉంది, హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు అడిగారు, "ఎప్పటికి కావాలి?" అని. దీపావళికి అన్నాను. ఆయన నవ్వి, "ఐప్పసి, కార్తిగై నెలల్లో అట్ట అతికిస్తే అప్పడంలా లేస్తుందమ్మా. నేను చేయను" అన్నారు.

అవి తమిళుల వానాకాలపు నెలలు. చెన్నైలో ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. గాల్లో తేమ అంతుంటే జిగురు ఆరదు, అట్ట ఒక వైపు తేమ పీల్చి వంగుతుంది. ఏసీ గోడౌన్లు ఉన్న పెద్ద సంస్థలకి ఈ బెడద ఉండకపోవచ్చు. పైగా లోపలి పేజీల అచ్చు శివకాశిలో, ఏడాది చివర్లో అక్కడ మిషన్లన్నీ క్యాలెండర్లు, డైరీల మీదే ఉంటాయి. మన లాంటి 500 కాపీల పనిని మధ్యలో దూర్చమని బతిమాలితే దూరుస్తారు, కానీ రంగులు చూసే ఓపిక అప్పుడు వాళ్లకి ఉండదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎండా ఉంటుంది, మిషనూ ఖాళీ ఉంటుంది.

కాగితం విషయంలో ఒక నిర్ణయం కొందరికి నచ్చకపోవచ్చు. 130 జీఎస్‌ఎం మ్యాట్ ఆర్ట్ కాదు, 100 జీఎస్‌ఎం వేస్తున్నాం. జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. ఏ4 సైజులో 352 పేజీలకి రెండింటి మధ్య బరువు తేడా 300 గ్రాములకు పైనే. 130తో పుస్తకం పట్టుకుంటే ఖరీదైనదిగా అనిపించే మాట నిజమే, కానీ సంచిలో వేసుకుని మెట్రో ఎక్కి స్నేహితుల ఇంటికి తీసుకెళ్లాల్సింది మీరు. కొరియర్ ఖర్చు కూడా మీదే. రెండు రిబ్బన్లు ఉంటాయి, ఒకటి నియమాల పేజీకి, ఒకటి నడుస్తున్న కథకి. అట్ట మీద పేరు రాగిరంగు ఫాయిల్‌లో. పైన తొడిగే పెట్టె లేదు. దానికయ్యే డబ్బుతో ఇంకో కథ బొమ్మలతో సహా వచ్చింది.

పేజీలు ఫారాల లెక్కన, అంటే పెద్ద కాగితం మడిస్తే వచ్చే కట్టల లెక్కన పెరుగుతాయి, ఫారానికి 16. మా రాత 343 దగ్గర ఆగింది, 22 ఫారాలకి 352. మిగిలిన తొమ్మిది పేజీల్లో పేర్ల పట్టికలు పెట్టాం. దారిలో ఎదురైన పడవవాడి పేరేమిటని ఆటగాళ్లు అడిగితే, మూడుసార్లకి ఒకసారి "రాజు" అని తప్పించుకునే కథకుల కోసం. డైస్ వేయండి, ఊరి పేరు, ఇంటిపేరు, ఆ మనిషి ఊతపదం వచ్చేస్తాయి.

ధర గురించి కాస్త పచ్చిగా చెప్తాను. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు, వినడానికి బాగుంటుంది. కానీ అమ్మేదాని మీద పన్ను లేదు కాబట్టి, కొన్నవాటి మీద మేం కట్టిన పన్ను వెనక్కి రాదు. కాగితం మీద పన్ను 2025 సెప్టెంబర్‌లో 12 శాతం నుంచి 18 అయింది. ఆ తేడా నేరుగా పుస్తకం ధరలోకే వచ్చి కూర్చుంది. డైస్ కూడా పుస్తకంతో కలిపి ఒకే పెట్టెలో ఇవ్వమని అడిగారు. డైస్ మీద జీఎస్టీ ఉంది. పన్ను లేని వస్తువునీ ఉన్న వస్తువునీ ఒకే ధరకి కట్టగా అమ్మితే, రెండింట్లో ఎక్కువ రేటు ఏదో అదే మొత్తం మీద పడుతుంది. అంటే డైస్ పుణ్యమా అని పుస్తకానికి కూడా మీరు పన్ను కడతారు. అందుకే డైస్ వేరే బిల్లు, వేరే ధర. కావాలంటే అదే పార్సిల్‌లో పంపుతాం.

బొమ్మల్లో ఏఐతో చేసింది ఒక్కటీ లేదు. గీసిన ముగ్గురికీ డబ్బు ఇచ్చేశాం. పాత పిల్లల మాసపత్రికల బొమ్మలు వాడమని సలహా ఇచ్చినవాళ్లకి ఒక మాట: మన దేశంలో చిత్రకారుడు పోయాక అరవై ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. పాతగా కనిపించినంత మాత్రాన ఉమ్మడి ఆస్తి అయిపోదు.

ముందస్తు డబ్బు తీసుకోవడం లేదు. మా దగ్గర ఉన్నది పేర్ల జాబితా మాత్రమే. కుట్టు వేసి అట్ట కట్టిన మొదటి కాపీ నా చేతికి వచ్చాక, దాన్ని బల్ల మీద పరిచి వీడియో తీసి పెడతాను. అది చూశాక డబ్బు కట్టండి. జాబితాలో 300 పేర్లు దాటకపోతే ఫాయిలూ రెండో రిబ్బనూ తీసేసి ధర తగ్గిస్తాం, లోపలి పేజీలు అవే ఉంటాయి. బెంగళూరు, హైదరాబాద్ వాళ్లు నలుగురైదుగురు కలిసి ఒకే అడ్రసుకి తెప్పించుకుంటే కొరియర్ బాగా కలిసొస్తుంది. చెన్నై వాళ్లు కొడంబాక్కం వచ్చి తీసుకెళ్లొచ్చు, ఆదివారం సాయంత్రాలు. ముందు మెసేజ్ పెట్టి రండి, ఆ టైముకి ఆట నడుస్తూ ఉంటే తలుపు తీయడానికి కొంచెం ఆలస్యం అవుతుంది.