వార్షిక నివేదిక 2024–25: జపాన్‌ను జపాన్ వారి కళ్లతో చూసిన ఏడాది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మన సంఘం 2024–25 కార్యకలాపాల నివేదికను మీ ముందు ఉంచుతున్నాను. ఏడాది పొడవునా జపాన్ ఛాయాచిత్రకళనే అధ్యయనం చేయాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. మనలో చాలామంది ఆ దేశం చూడలేదు. చూసి వచ్చిన కొద్దిమందీ పర్యాటకులుగా నాలుగు రోజులు గడిపినవారే. హైదరాబాదులో ఉండి ఆ సంస్కృతిని అభిమానించే మనం, బయటివారి కోసం తయారైన జపాన్ బొమ్మను దాటి, అక్కడివారు తమ ఊళ్లనూ తమ మనుషులనూ ఎలా చూసుకున్నారో తెలుసుకోవాలన్నదే ఈ తీర్మానం ఉద్దేశం.

ఆ బొమ్మ ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నతోనే తొలి సమావేశాలు మొదలయ్యాయి. 1857 తిరుగుబాటు అణచివేత తరువాత లక్నో శిథిలాలను ఫోటోలు తీసిన ఫెలిచె బియాటో, 1863లో యోకొహామా చేరి అక్కడ స్టూడియో పెట్టాడు. ఆయన ప్రింట్లకు స్థానిక చిత్రకారులు చేతితో రంగులు అద్దేవారు. ఆయన దగ్గర ఆ పని చేసిన కుసకాబే కింబేయి తరువాత సొంత స్టూడియో తెరిచి, లక్క పూత అట్టలు వేసిన ఆల్బములను విదేశీ యాత్రికులకు అమ్మాడు. కిమోనో స్త్రీలు, కత్తులు పట్టిన వీరులు, ఫుజి పర్వతం: కొనేవారు ఏది అడిగారో అదే ఆ ఆల్బముల్లోకి ఎక్కింది. నేడు మన ఫోన్లలో కనిపించే జపాన్ చాలావరకు ఆ పట్టికకు కొనసాగింపేనని నా అభిప్రాయం. అలాగని జపాన్ స్టూడియోలన్నీ విదేశీయుల చలవ కాదు. బియాటో రాకకు ముందే, 1862లో, ఉఎనో హికోమా నాగసాకిలో స్టూడియో తెరిచాడు. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళ్ చిత్రాలను వీటి పక్కన పెట్టి, ఎవరు డబ్బిచ్చి తీయించిన ఫోటో ఎవరి చూపును మోస్తుందో పరిశీలించిన సమావేశం ఫలవంతంగా సాగింది.

వర్షాకాలమంతా జపాన్ ఛాయాచిత్రకారుడు దోమోన్ కెన్ (1909–1990) కృషికే కేటాయించాం. కార్యక్రమ సూచికలో ఇంత చోటు ఒక్కరికే ఎందుకని కొందరు సభ్యులు అడిగారు. నా సమాధానం అప్పుడూ ఇప్పుడూ ఒకటే: జపాన్‌ను లోపలి నుంచి చూడడం అంటే ఏమిటో ఆయన చిత్రాలు నేర్పినంతగా నాకు మరేవీ నేర్పలేదు. 1950లలో ఆయన ఏ ఏర్పాటూ లేని, ఉన్నదున్నట్టు పట్టుకునే ఛాయాచిత్రం కోసం వాదించాడు. 1960లో చికుహో బొగ్గు గనుల ప్రాంతపు పిల్లల మీద తెచ్చిన పుస్తకాన్ని, గని కార్మికులు కూడా కొనుక్కోగలగాలని ముతక కాగితం మీద అచ్చు వేయించి వంద యెన్లకే అమ్మించాడు. యోకొహామా ఆల్బముల తరువాత ఆ పేజీలను తిప్పుతుంటే, కొనేవాడూ చిత్రంలో ఉన్నవాడూ ఒకే సమాజం వారైనప్పుడు కెమెరా నిలబడే చోటే మారిపోతుందని మనకు స్పష్టమైంది.

అదే మనిషి దశాబ్దాల పాటు ప్రాచీన బౌద్ధాలయాలను చిత్రించాడు. 1963 నుంచి 1975 వరకు ఐదు సంపుటాలుగా వచ్చిన ఆలయ యాత్రా చిత్రాలలో పూర్తి విగ్రహం కంటే ఒక పెదవి, ఒక చేయి, మడతలు పడిన వస్త్రపు అంచు ఎక్కువగా కనిపిస్తాయి. పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమైన తరువాత కూడా శిష్యుల సాయంతో పెద్ద కెమెరాను మోయించుకుని పని కొనసాగించాడు. నారా ప్రాంతంలోని మురోజి ఆలయాన్ని 1939లో తొలిసారి చూసిన ఆయన, అది మంచులో ఉండగా తీయాలన్న కోరికను 1978లో గాని తీర్చుకోలేకపోయాడు. మురోజి షింగోన్ అనే బౌద్ధ సంప్రదాయానికి చెందిన ఆలయం. ఆ సంప్రదాయం తన గురుపరంపరలో ఆచార్య నాగార్జునుడిని లెక్కిస్తుంది. మన కృష్ణా తీరంతో ముడిపడిన ఆ పేరు వినగానే సభలో చాలామంది కదిలి కూర్చున్నారు.

దోమోన్‌కు పూర్తిగా ఎదురుగా నిలిచే ఉఎదా షోజి (1913–2000) చిత్రాలను శీతాకాలంలో చూశాం. ఆయన తొత్తొరి జిల్లాలోని సకాయిమినాతో అనే చిన్న రేవు పట్టణంలో స్టూడియో నడిపాడు, టోక్యోకు మకాం మార్చలేదు. సముద్రపు ఒడ్డున ఇసుక మీద భార్యనూ పిల్లలనూ ఒకరికొకరు దూరంగా నిలబెట్టి, రంగస్థలం మీది పాత్రల్లా అమర్చి తీశాడు. ఇది అబద్ధమని కొందరు, ప్రేమకు ఇంతకన్నా నిజమైన రూపం ఉండదని మరికొందరు వాదించారు. నేను రెండో పక్షం. ఆ ఇసుకలో అలంకారానికి చోటు లేదు; మనిషికీ మనిషికీ మధ్య ఉన్న ఖాళీయే ఆ చిత్రాలలో మాట్లాడుతుంది.

జపాన్ కెమెరాల చరిత్రపై ఒక సాయంత్రం ప్రసంగం జరిగింది. 1934 నాటి క్వానోన్ (నేటి కెనాన్ సంస్థ తొలి కెమెరా) నమూనాకు కరుణామూర్తి అయిన బోధిసత్త్వుడి పేరు పెట్టడం, 1959లో నికాన్ ఎఫ్ కెమెరా రావడం వంటి విషయాలు అందులో చర్చకు వచ్చాయి.

ఛాయాచిత్ర మర్యాదపై చర్చ మాత్రం అనుకున్న సమయాన్ని మించి సాగింది. ఫుజి పర్వతం వెనుక కనిపించేలా ఒక దుకాణాన్ని తీయడానికి యాత్రికులు రోడ్డుకు అడ్డంగా పరుగులు తీస్తున్నారని, ఫుజికవాగుచికో పట్టణం 2024 మేలో 2.5 మీటర్ల ఎత్తున నల్లటి తెర కట్టింది. క్యోటోలోని గియోన్ పేటలో అదే ఏడాది ప్రైవేటు సందుల్లోకి పర్యాటకుల రాకపోకలను నిషేధించారు. ఇవి తమ ఇళ్లని ఆ ఊళ్లవారు చెప్పుకోవలసి రావడం, దూరం నుంచి జపాన్‌ను ప్రేమించే మనలాంటి వారందరికీ సంబంధించిన విషయం. అందుకే, అక్కడికి వెళ్లే సభ్యులు అడగకుండా మనుషుల ముఖాలు తీయరాదని, నిషేధమున్న ఆలయ గర్భాలలో కెమెరా తెరవరాదని, ఇళ్ల ముందు ట్రైపాడ్ నిలపరాదని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. దీనిని సర్వసభ్య సమావేశం ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

గ్రంథాలయానికి ఈ ఏడాది కొన్న ఫోటో పుస్తకాలు దిగుమతి సుంకంతో కలిపి మన నిధిలో పెద్ద భాగాన్ని తీసుకున్నాయి. వాటిని ఇళ్లకు ఇవ్వడం లేదు. పేజీలను ఫోన్లతో కాపీ చేయడానికి హక్కుల దృష్ట్యా అనుమతి లేదు. సమావేశాల రోజున ఎంతసేపైనా కూర్చుని చూడవచ్చు.

వచ్చే ఏడాదికి తోమత్సు షోమెయి నాగసాకి చిత్రాలనూ, హిరోషిమాలో అణుబాంబు దాడి తరువాత మిగిలిన దుస్తులను ఫోటోలు తీసిన ఇషియుచి మియాకో కృషినీ ప్రతిపాదిస్తున్నాం. స్త్రీల కృషికి ఈ ఏడాది తగినంత చోటు దక్కలేదు కనుక, ఇషియుచితో పాటు కవాఉచి రింకోపై కూడా ప్రత్యేక సమావేశం ఉండాలని నా గట్టి సూచన. ఆదాయ వ్యయ పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. చందా బకాయి ఉన్నవారు తదుపరి సమావేశంలోగా చెల్లించగలరు.

గౌరవ కార్యదర్శి